జంపక్క చెట్టు మట్టలు

దీవెనకు ఒళ్ళు జలదరించడం మానేసి చాలాకాలమైంది. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. అనడానికి అదేమన్నా జ్వరమా, నొప్పా? చిన్నప్పుడు పెనుబల్లిలో గుడి గడప తొక్కితే చాలు, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకునేవి. పాట ఎత్తుకోకముందే, జనం రాకముందే, ఉత్త బెంచీలూ సున్నం వాసనా చూసి, లోపల ఎవరో చాలా పెద్దవాళ్ళు కూర్చుని ఉన్నారనిపించి భయమేసేది. ఆ భయం కోసమే పాస్టరు చదువుకు వెళ్ళింది. తీరా వెళ్ళాక, ఆ భయాన్ని హీబ్రూలో ఏమంటారో, గ్రీకులో ఏమంటారో, పండితులు దాన్ని ఎన్ని ముక్కలుగా కోసి చూశారో అన్నీ నేర్చుకుంది. ఆ పేపరులో క్లాసుకే ఫస్టు వచ్చింది. భయం మాత్రం ఎటు పోయిందో పోయింది.

వాళ్ళ నాన్న పేరు మార్కు, తాపీమేస్త్రీ. కట్టే ప్రతి గోడ దగ్గరా "మా అమ్మాయి క్రైస్తవ యూనివర్సిటీలో దైవసేవ డిగ్రీ చదువుతోంది" అని చెప్పుకునేవాడు. ప్రార్థన చేయడానికి డిగ్రీ ఎందుకయ్యా అని ఎవరైనా నవ్వితే, ఆ గోడ కాస్త వంకరగా లేచేది.

చివరి ఏడాది పిల్లలను యూనివర్సిటీవాళ్ళు ఏదో ఒక చర్చి సంఘానికి పంపుతారు. ఈస్టరుకు ముందు శ్రమల దినాలన్నీ అక్కడే ఉండి, సంఘం మంచిచెడ్డలు చూసుకుని, ఒక ఆదివారం ఆరాధన మొత్తం తానే నడిపించాలి. ప్రొఫెసరు వచ్చి వెనక బెంచీలో కూర్చుని మార్కులు వేస్తాడు. ఆ మార్కులు పడితేనే పట్టా, పట్టా వస్తేనే పాస్టరు. దీవెనకు భద్రాచలం దాటి చర్ల వైపు పోయే రోడ్డు మీద ఒక రేకుల గుడి దొరికింది. గుడికి వచ్చేవాళ్ళందరూ ఉద్యోగాల మీద వచ్చి కిరాయి ఇళ్ళల్లో ఉండేవాళ్ళే. వాగు దాటితే ఇప్పలగుంపు. అది కోయవాళ్ళ ఊరు, ఆ వైపు పల్లెను గుంపు అంటారు. వాళ్ళ వేల్పులు వాళ్ళకున్నారు. గుడి జోలికి వాళ్ళు రారు, వాళ్ళ జోలికి గుడి పోదు. ఎదురుపడితే నవ్వుకుంటారు, అంతవరకే.

ఆమెకు పడింది మట్టల ఆదివారం. యేసుప్రభువు గాడిద నెక్కి పట్నంలోకి వస్తుంటే జనం మట్టలు పట్టుకుని ఎదురెళ్ళిన రోజు. చిన్నాపెద్దా చేతుల్లో మట్టలతో పాడుతూ ఊరేగుతారు. మట్టలు లేని మట్టల ఆదివారం ఉండదు. అందుకని శనివారం పొద్దున్నే దీవెన కరెంటు ఆఫీసులో పనిచేసే రాంబాబును వెంటబెట్టుకుని వాగు ఒడ్డుకు వెళ్ళింది. రాంబాబుది బోనకల్. తీగలకు అడ్డం వచ్చే కొమ్మలు కొట్టడానికి అతని దగ్గర పెద్ద నిచ్చెనా, కొడవలి కట్టిన పొడుగు దోటీ ఎప్పుడూ ఉంటాయి.

ఒడ్డు పొడుగునా తాటిచెట్లు. మంచి కల్లు రోజులు. ప్రతి చెట్టుకూ కల్లు పట్టే లొట్లు వేలాడుతున్నాయి.

"దేన్ని కొడదాం పాస్టరమ్మా?" అన్నాడు రాంబాబు. పట్టా రాకముందే ఆ పిలుపేంటని ఆమె కసురుకోవడం, అతను మళ్ళీ అలాగే పిలవడం రోజూ ఉన్నదే.

"లొట్టి కట్టిన చెట్టు వద్దన్నా. వాళ్ళ బతుకుదెరువది. మన పండగకు వాళ్ళ కడుపు కొడితే ఎట్లా?"

ఆ మాట అన్నందుకు తనమీద తనకే కాస్త ముచ్చటేసింది కూడా. ఆదివాసీ ప్రాంతంలో సేవ చేసేవాళ్ళు ఎంత ఒద్దికగా ఉండాలో క్లాసులో వారాల తరబడి విన్నది. వెతగ్గా వెతగ్గా వంపులో ఒక్క చెట్టు కనిపించింది. నడి ఎత్తు చెట్టు. లొట్టి లేదు, గీత లేదు, మట్టలు గుబురుగా పెరిగి కింది దాకా దిగాయి. ఎవరికీ పట్టని చెట్టు అనుకుంది. రాంబాబు నిచ్చెన వేసి, దోటీ అందుకుని, పైన నాలుగాకులు మిగిల్చి మిగతావన్నీ కొట్టేశాడు. ఇద్దరూ ట్రాలీ ఆటోలో వేసుకుని గుడికి తెచ్చారు. పచ్చటి మట్టలు గోడవారగా నిలబెడితే రేకుల గుడికి పెళ్ళికళ వచ్చింది.

మధ్యాహ్నం శ్యామల వచ్చింది. ఆమె ఇప్పలగుంపు పిల్ల, గుడి పక్కనే అంగన్‌వాడీ టీచరు. సెంటరుకు తాళం వేసి దీవెనతో నాలుగు కబుర్లు చెప్పి ఇంటికి పోవడం ఆమెకు అలవాటు. గుమ్మంలో నిలబడి మట్టలు చూసింది. నవ్వుతూ వచ్చిన మొహం చిన్నబోయింది.

"గివి యాడియి అక్కా?"

"వాగొడ్డువి. లొట్టి కట్టని చెట్టుంది చూడు, వంపులో. దానివే."

శ్యామల చెప్పులు విడిచి లోపలికొచ్చి, ఒక మట్ట మీద చెయ్యి వేసి, వేసిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అది జంపక్క చెట్టు అక్కా. మా గంగయ్య తాత పెండ్లాం జంపక్క లేదూ, పోయిన వానాకాలం సచ్చిపోయింది. మా గుంపుల పెద్దోళ్ళు పోతె, ఆళ్ళ చెట్టు ఏడాది దాకా ఎవ్వలూ ముట్టరు. గియ్యరు, ఆకు తుంపరు. అది ఆమె ఒళ్ళు లెక్క. ఏడాదైనంక తొలి కల్లు తీసి ఆమె పేరు మీద భూమికి పోసినంకనే మళ్ళ మనుసుల చెట్టు అయితది. అప్పటిదాంక అది ఆమెదే."

ఊరంతటిలోకి ఏ చెట్టునైతే ముట్టకూడదో, మర్యాద చూపిస్తున్నాననుకుంటూ ఏరికోరి దీవెన ఆ చెట్టునే బోడి చేసింది.

రాంబాబు మాత్రం తేలిగ్గా తీసిపారేశాడు. "గింతదానికే భయపడతవేంది? తీగలకు అడ్డమొచ్చింది, డిపార్టుమెంటోళ్ళు కొట్టిర్రు అని చెప్త. రోజూ చేసే పనే కదా, ఎవ్వడేమంటడు? నీ పేరే రాదు. శ్యామలమ్మా, నువ్వు గిట నోరు జారకు."

శ్యామల దీవెన వైపే చూస్తోంది.

అబద్ధం తయారుగా ఉంది, అడిగినవాళ్ళంతా నమ్మే అబద్ధం. రేపు ప్రొఫెసరు వస్తాడు, మట్టలు ఊగుతాయి, ప్రసంగం నోటికి వచ్చేసింది. గుంపులో సంగతి తెలిస్తే, సంఘం మీద మాట వస్తుంది. యూనివర్సిటీకి ఫిర్యాదు పోతే ఇన్నేళ్ళ చదువూ వాగులో కలిసిపోతుంది. నాన్న మొహం కళ్ళ ముందు ఆడింది. ఇదంతా ఆలోచించి, తప్పు ఒప్పుకోవడం గురించి తాను రాసిన వ్యాసం కూడా గుర్తొచ్చి, దీవెనకు తనమీద తనకే ఒళ్ళుమండింది.

"గంగయ్య తాత ఇల్లు చూపిస్తావా శ్యామలా?" అంది.

గంగయ్య వాకిట్లో నులకమంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. గుంపుకు పెద్దమనిషి. ఎండిన చెట్టులాంటి మనిషే గాని, గొంతు మాత్రం మెత్తన. దీవెన కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పింది, చెట్టు తానే ఎంచాననీ, రాంబాబు తప్పేం లేదనీ, తెలియక చేశాననీ. తెలియక అన్న మాట మాత్రం సగంలోనే మింగేసింది. అది నిజమే, కానీ ఆ వాకిట్లో అది సాకులాగా వినిపించింది.

గంగయ్య చేతిలో తాడు ఆగిపోయింది. లోపలినుంచి కోడలు కాబోలు, కోయలో గట్టిగా ఏదో అడిగింది. అతను చెయ్యెత్తి ఆపాడు.

"అన్నీ కొట్టిర్రా?"

"నాలుగాకులు మిగిలినయి తాతా."

"మ్." మళ్ళీ తాడు అందుకుని, పేనకుండా అట్లాగే పట్టుకున్నాడు. "రేపు పొద్దుగాల మా పెద్దలు చెట్టుకాడ కూసుంటరు. నువ్వు రావాలె బిడ్డా. కొట్టిన మట్టలన్నీ తేవాలె. ఒక్క ఆకు గూడ అవుతల పడొద్దు."

"రేపు పొద్దున మా ఆరాధన తాతా. మధ్యాహ్నానికి వస్తే కుదరదా?"

"పెద్దలు కూసునేది పొద్దుగాలనే," అన్నాడు గంగయ్య. కోపం లేదు ఆ మాటలో. కోపమే ఉంటే బాగుండునని దీవెనకు అనిపించింది.

గుడికి వచ్చి బెన్నీ సారుకు ఫోను చేసింది. ప్రసంగశాస్త్రం ప్రొఫెసరు బెన్నీ సారు కటువైన మనిషి. యూనివర్సిటీలో పిల్లలు ఆయన బూట్ల చప్పుడు విని వరండా మార్చుకునేవారు. అంతా విని ఆయన అన్నాడు: "జరిగినదానికి బాధగానే ఉంది. కానీ నేను రేపు తొమ్మిదింటికి వస్తాను. మార్కులు పంపడానికి రేపే ఆఖరు. ఆరాధన జరిగితే మార్కులు, జరగకపోతే లేవు. మళ్ళీ వచ్చే ఏడాదే. ఏం చేస్తావో నీ ఇష్టం."

తెల్లవారింది. సంఘం మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. పిల్లలు అప్పటికే మట్టల మీద పడ్డారు. దీవెన గుమ్మంలో నిలబడి, సంగతంతా చెప్పి, "నేను వాగొడ్డుకు వెళ్తున్నాను. మీరు పాటలు పాడుకుని ప్రార్థన చేసుకోండి. నన్ను క్షమించండి" అంది.

గుడిలో కలకలం రేగింది. వాళ్ళ దేవుడి చెట్టు పంచాయితీకి మనమెందుకు పోవాలని ఒకరు, పొరుగుమనిషిని బాధపెట్టి ఇక్కడ కూర్చుని పాడతామా అని ఇంకొకరు. వాళ్ళ వాదన తెగేలోపే రాంబాబు లేచి, నిన్న తాను కొట్టిన మట్టల్లో పెద్ద మోపు భుజానికెత్తుకున్నాడు. "కొట్టింది నేనే గద," అన్నాడు. అంతే, ఇంకేం వాదిస్తారు? ఒక నర్సమ్మ రెండు మట్టలు అందుకుంది. డ్రైవరు మూడు. ఇష్టం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ తలా ఒకటి పట్టుకుని బయలుదేరారు.

రోడ్డు మీదే బెన్నీ సారు కారు ఎదురొచ్చింది. అద్దం దించి ఈ మందనంతా చూశాడు.

"దీవెనా, ఆరాధన?"

"గుళ్ళో ఎవరూ లేరు సార్," అంది దీవెన.

ఆయన కాసేపు స్టీరింగు మీద వేళ్ళు ఆడించి, కారు పక్కకు తీసి, దిగి, వెనక నడవసాగాడు. చేతులు కట్టుకునే నడిచాడు లెండి. చూడ్డానికి వచ్చినవాడిలాగా.

చెట్టు దగ్గర గుంపంతా ఉంది. పెద్దలు నేల మీద వరుసగా కూర్చున్నారు. వాళ్ళ వెనక ఆ తాటిచెట్టు గుండు కొట్టించుకున్న మనిషిలాగా నిలబడి ఉంది. దీవెన దానివైపు చూడలేకపోయింది. తప్పు కింద జరిమానా కట్టించాలని, మేకను కోయించాలని వెనకనుంచి ఒకరిద్దరు అరిచారు. గంగయ్య వినిపించుకోలేదు.

"ఎందుకు కావాల్సి వచ్చినయి బిడ్డా గీ మట్టలు?"

దీవెన నోరు తెరిచింది. నెలరోజులుగా వల్లెవేసిన ప్రసంగంలోంచి ఒక్క ముక్క కూడా రాలేదు. అప్పుడు ఆమె, పెనుబల్లిలో చిన్నప్పుడు విన్నట్టే, ఒక కథలాగా చెప్పింది. మా ప్రభువొకాయన ఉన్నాడు తాతా. పేదోళ్ళలో తిరిగినాడు. ఒకనాడు పట్నానికి వస్తుంటే జనం మట్టలు పట్టుకుని ఎదురెళ్ళినారు, మా రాజు వచ్చినాడని కేకలేసినారు. వారం తిరగకముందే ఆయన్ని చంపేసినారు. శవాన్ని మోసేటప్పుడు వెంట జనం లేరు. మట్టలు పట్టుకున్నోళ్ళలో ఒక్కరు కూడా రాలేదు.

వాగులో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. గంగయ్య నేలకేసి చూస్తూ తలూపాడు, ఆ చచ్చిపోయినాయన తనకు తెలిసినవాడే అయినట్టు.

"ఎవ్వలూ పోలే?"

"పోలేదు తాతా."

అతను మెల్లగా లేచాడు. "తప్పు వద్దు, మేక వద్దు. గీ మట్టలు జంపక్కయి. ఆమెయి ఆమెకు ముట్టాలె. కొట్టినోళ్ళే మొయ్యాలె, గదే మా పద్ధతి. నడువుండ్రి."

ఇక్కడ ఒక మాట ముందే చెప్పేస్తాను. ఆ ఏడాది దీవెనకు పట్టా రాలేదు. రూలు రూలే, ఆరాధన జరగలేదు, మార్కులు పడలేదు. మార్కు మేస్త్రీ చాలా రోజులు ముభావంగా ఉన్నాడు. ఆమె మళ్ళీ ఏడాది అదే రేకుల గుడికి వచ్చి, అప్పుడు గట్టెక్కింది. పట్టా ఏమైందోనన్న చింత మనసులో పెట్టుకుని ఎవరూ ఈ నడకను చూడొద్దని చెబుతున్నాను.

ముందు గంగయ్య, వెనక దీవెన, ఆ వెనక మట్టలు మోస్తూ సంఘం, పక్కన గుంపు. దారి పొడుగునా ఇప్పచెట్లు. పూలు రాలి నేలంతా మెత్తగా, తీపి వాసన గుప్పుమంటోంది. ఎవరూ చెప్పకుండానే అందరూ పూలు తొక్కకుండా పక్కనుంచి అడుగులేస్తున్నారు. ఒక మోపు మరీ బరువై ఒక పెద్దామె ఆయాసపడుతుంటే, వెనకనుంచి రెండు చేతులు వచ్చి దాన్ని అందుకున్నాయి. చూస్తే బెన్నీ సారు. బూట్లు ఎక్కడో విడిచేశాడు, ఎప్పుడు విడిచాడో ఎవరూ చూడలేదు.

అలవాటు చొప్పున సంఘం పిల్లలు పండగపూట పాడే హోసన్నా పాట ఎత్తుకున్నారు. దీవెన ఆగండని వెనక్కి తిరిగింది. అప్పుడే గుంపులోంచి డోలు మోగింది. ఒక్క దెబ్బ, కాస్త ఆగి ఇంకొకటి. అది వాళ్ళ చావు డోలు. పాటను అది ఆపలేదు, పాట దాన్ని ఆపలేదు. రెండూ ఒకే దారిన నడుస్తుంటే, చెట్ల మధ్య ఆ మట్టలన్నీ ఒక్కసారిగా గాలికి గలగలమన్నాయి. దీవెనకు చేతుల మీద రోమాలు లేచాయి. ఎన్నేళ్ళకో. ఎవరో చాలా పెద్దవాళ్ళు ఈ అడవిలో తమతో కలిసి నడుస్తున్నారని, వెనక్కి తిరిగి చూడకూడదని అనిపించింది. చూడలేదు. భయమేసింది, ఆ భయంలో ఇల్లు చేరినంత హాయిగా ఉంది.

జంపక్కను పూడ్చిన చోట ఇంకా రాయి నిలబెట్టలేదు. మట్టి దిబ్బ, మీద ముళ్ళకంప. గంగయ్య కంప తీసేశాడు. ఒక్కొక్కరే వచ్చి మట్ట పరిచారు. టీచర్లు పరిచారు, డ్రైవరు పరిచాడు, రాంబాబు పరిచి కళ్ళు తుడుచుకున్నాడు, బెన్నీ సారు వంగి పరిచాడు. గుంపువాళ్ళు కూడా తలా ఒక ఆకు అందుకుని వేశారు. మట్టి కనబడకుండా పచ్చగా నిండిపోయింది.

గంగయ్య దిబ్బ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"పోయినసారి గోదారి పొంగినప్పుడు పోయింది," అన్నాడు దీవెనతో. "వాగు ఎదురెక్కింది. తొవ్వలన్నీ మునిగినయి. ఆమె తోడబుట్టినోళ్ళు రాలే, బిడ్డ రాలే. వానల నలుగురమే మోసినం. డోలు గూడ కొట్టలే, తడిసిపోయింది. గంత పెద్ద మనిషి గట్ల ఒంటిగ పాయె. నాకు గదే కడుపుల కాలుతుండె."

తర్వాత అతను దిబ్బ వైపు తిరిగాడు. మట్టల మీద అరచెయ్యి పెట్టి, పొద్దున పడుకున్న మనిషిని లేపేటప్పుడు ఎట్లా తడతారో అట్లా తట్టాడు.

"జంపక్కా," అన్నాడు. "లే. చుట్టాలొచ్చిర్రు."

చచ్చినవాళ్ళు తిరిగి లేవడం గురించి చదువులో పేజీలకు పేజీలు రాసిన దీవెన ఆ దిబ్బ పక్కన మోకాళ్ళ మీద పడిపోయింది. కళ్ళు ఆ మట్టల మీదనుంచి తిప్పలేకపోయింది. ఇప్పుడే, ఈ క్షణమే అవి కదులుతాయేమోనని చూస్తోంది. పక్కన గంగయ్య కూడా చూస్తున్నాడు. కాసేపటికి అతను కొంచెం జరిగి ఆమెకు చోటిచ్చాడు.